బావగారి గుమ్మం దాకా

మామగారి చిన్న మోటారు సైకిలు, ఆయన పోయాక, ఐదేళ్ళపాటు మెట్ల కింద చీపుర్లకూ చిల్లుల బకెట్లకూ కాపలా కాసింది. పేరుకు అది ఆయన కొడుకులిద్దరిదీ. ఇద్దరి సొత్తు అంటే ఎవరూ తుడవని సొత్తు అని అర్థం. దుమ్ము మాత్రం ఏ పక్షపాతమూ లేకుండా రెండు వైపులా సమానంగా పేరుకుంది.

ఒకరోజు పెద్దవాడు వచ్చి, మెట్ల కిందకు వంగి చూసి, నడుం మీద చేతులు వేసుకుని తీర్పు చెప్పాడు.

"పిస్టన్ పోయింది. నెలాఖరు ఆదివారం పాతసామాన్లవాణ్ణి రమ్మన్నాను. పట్టుకుపోతాడు."

ఆయన తీర్పంటే అప్పీలు లేనిది. వీధిలో ఏ బండి చప్పుడు విన్నా ఒక చెవి అటు పడేసి "పిస్టన్ పోయింది" అనేవాడు. వినేవాళ్ళకు పిస్టన్ ఎక్కడుంటుందో తెలియదు కనుక తల ఊపేవాళ్ళు. అలా తలలు ఊగి ఊగి బళ్ళ విషయంలో ఆయన మాట వేదమైపోయింది.

ముందుగదిలో మిషను దగ్గర కూర్చున్న ఆయన మరదలు మాత్రం తల ఊపలేదు. పంటి కింద పట్టుకున్న గుండుసూదులు నాలుగూ తీసి పిన్‌కుషనులో గుచ్చింది. ఆవిణ్ణి వీధంతా టైలరమ్మ అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, మూటలు కట్టి, ఊరి అవతలి దుకాణానికి చేర్చడం ఆవిడ పని. కుట్టడం ఆవిడకు కష్టం కాదు. చేర్చడమే కష్టం. రెండు బస్సులు మారాలి, రెండు బస్సుల్లోనూ మూట గురించి మాటలు పడాలి. లేదంటే ఎవరి బండి ఖాళీగా ఉందా అని గుమ్మం గుమ్మం దగ్గర పళ్ళికిలించాలి. ఆ పళ్ళికిలించడం అంటేనే ఆవిడకు రోత పుట్టింది. సొంత కష్టం చేసుకుంటూ ఒకరి దయ కోసం నిలబడడమేమిటని వారానికి ఒక్కసారైనా ఒళ్ళు మండిపోయేది.

"ఆ బండి నాకివ్వండి బావగారూ. నేను బాగు చేసుకుంటాను," అంది.

బావగారు ముందు నవ్వాడు. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న తమ్ముణ్ణి చూసి ఇంకాస్త నవ్వాడు.

"ఇది కుట్టుమిషను కాదమ్మా, దారం ఎక్కించి తొక్కడానికి. సరే, నీ ముచ్చటెందుకు కాదనాలి? ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటి లోపల దీన్ని నడుపుకుంటూ తీసుకొచ్చి మా గుమ్మం ముందు ఆపు. ఆపావా, బండి నీది. లేదా, పాతసామాన్లవాడిది. తర్వాత ఏడవకూడదు."

"ఎవరూ ఏడవకూడదు," అంది టైలరమ్మ.

ఆయన వెళ్ళాక మొగుడు లబలబలాడాడు. "మా అన్నయ్యతో పందేలేంటే నీకు! రేపు నేను మెల్లగా మాట్లాడతాగా." ఈయనగారి రేపు అనేది పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తెల్లవారలేదు. టైలరమ్మ జవాబు చెప్పకుండా బండిని చీపుర్ల మధ్య నుంచి ఈడ్చి, తోసుకుంటూ పల్లం దిగి, పానా బాబాయి షెడ్డుకు తీసుకుపోయింది.

పానా బాబాయి ఆ పేటలో పాత మెకానిక్కు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. ఆయన బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంటాడు. నోటితో చెప్తాడు తప్ప చేతులు బయటికి తియ్యడు. "నా చేతికి వచ్చు. దానికి మళ్ళీ నేర్పడం దండగ," అంటాడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలో గుడ్డ మీద పేర్చాలి. బిగించేటప్పుడు ఆ వరసలోనే వెనక్కి రావాలి.

టైలరమ్మ రెండో రోజుకే గుడ్డకు వరసగా జేబులు కుట్టుకొచ్చింది. జేబు మీద సుద్దతో అంకె. విప్పిన నట్టు విప్పిన జేబులో. బాబాయి ఆ గుడ్డను చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళుగా గాలికి దొర్లిపోయిన వాషర్లన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. కానీ మెచ్చుకుంటే గురువెలా అవుతాడు?

"జేబులు బాగున్నాయి. పని ఏడవాలి," అన్నాడు.

మూడు రోజులు తుడవడమే పని. నాలుగో రోజు ప్లగ్గు విప్పడం, అయిదో రోజు గొలుసు నానబెట్టడం. వారం తిరిగాక కార్బొరేటర్ చేతికొచ్చింది. ఐదేళ్ళ పెట్రోలు అందులో జిగురులా గడ్డకట్టి కూర్చుంది. లోపల ఉన్న ఇత్తడి ముక్కకు పెట్రోలు దిగడానికి ఒక రంధ్రం ఉంటుంది, సూది కన్నం దానికి పెద్దన్న. "సూది పెట్టి పొడిచావో, కన్నం వెడల్పయి బండి తాగుబోతు అవుతుంది," అని హెచ్చరించాడు బాబాయి. కళ్ళజోడు పెట్టుకుని తనైతే అరగంట తంటాలు పడతానని కూడా ఒప్పుకున్నాడు. టైలరమ్మ గట్టి నైలాను దారం కొస తడిపి, వేళ్ళతో నలిపి, ఒక్క దెబ్బకు అటు నుంచి ఇటు లాగేసింది. బాబాయి గొంతు సవరించుకుని వీధిలోకి చూశాడు.

ఆ అక్కసు ఊరికే పోలేదు. మర్నాడు ఆవిడ కార్బొరేటర్ మొత్తం బిగించి లేచేసరికి పన్నెండో అంకె జేబులో ఒక నట్టు మిగిలింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ బిగించింది. మళ్ళీ మిగిలింది. మూడోసారి విప్పుతుంటే చెక్కపెట్టె కదులుతున్నట్టనిపించి తలెత్తి చూసింది. బాబాయి చేతులు జేబుల్లోనే ఉన్నాయి, భుజాలు మాత్రం నవ్వుతో ఎగిరిపడుతున్నాయి.

"ఆ నట్టు సైకిలుదమ్మాయ్. నువ్వు టీ తాగడానికెళ్ళినప్పుడు నేనే వేశా. నీ బండిలో ఏది ఎక్కడిదో నీకు తెలుసని నీకు నమ్మకం ఉందో లేదో చూద్దామని!"

టైలరమ్మ ఏమీ అనలేదు. అనేవాళ్ళతో భయం లేదు, అననివాళ్ళతోనే ఉంది. రెండు రోజుల తర్వాత బాబాయి తన కోటు ఇచ్చి, చంక దగ్గర చిరిగింది, కాస్త కుట్టిపెట్టమన్నాడు. కుట్టి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది. అంతలో ఎవరో ఖాతాదారు పెద్ద బండి వేసుకొచ్చాడు. బాబాయి హుందాగా లేచి కోటు తొడుక్కోబోయాడు. చేతులు మోచేతులు దాటి మణికట్టు దాకా వెళ్ళాయి, ఆపైన దారి మూసుకుపోయింది. కోటు చేతుల కొసలు రెండూ సన్నటి కుట్టుతో కుట్టేసి ఉన్నాయి. వచ్చినవాడి ముందు ఆయన అరచేతులు లేని మనిషిలా గాలిలో తన్నుకున్నాడు.

"ఇదేంటమ్మాయ్?"

"దారం ముక్క మిగిలిపోయింది బాబాయ్. ఎక్కడిదో తెలియక అక్కడ వేశాను."

ఆ రోజు నుంచి ఇద్దరికీ బాగా కుదిరింది. తిక్కకు తిక్కే మందు. పని వేగం పుంజుకుంది. చక్రాలు విప్పి బ్రేకు డ్రమ్ములు తుడవడం, చక్రాన్ని ఒరుసుకుని ఆపే లైనర్లను గరుకుకాగితంతో రుద్దడం, క్లచ్చి వైరు మార్చడం, టైర్లు ఎక్కించడం అన్నీ ఆవిడ చేతుల మీదే జరిగాయి. నెలాఖరు బుధవారం సాయంత్రం పదకొండో కిక్కుకు బండి దగ్గి, తుమ్మి, నల్లపొగ వదిలి, ఆపైన టకటకమని నిలకడగా పలికింది. టైలరమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి. పొగవల్ల అని చెప్పింది కానీ పొగ అటువైపు పోతోంది. ఆవిడకు నిజంగా సంతోషం వేసింది, అంతే.

"మీ బావగారికి చెప్పకు. ఈ చప్పుడు వింటే పిస్టన్ పోయిందంటాడు. ఆయన వింటే మా గోడగడియారానికి కూడా పిస్టన్ పోయినట్టే," అన్నాడు బాబాయి.

పెళ్ళికి ముందు అన్నయ్య మోపెడ్ తోలిన అలవాటు ఉంది కాబట్టి, మైదానంలో రెండు సాయంత్రాలు తిప్పేసరికి గేర్లు కూడా స్వాధీనమయ్యాయి. ఒక్కటే లోపం. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని అరుస్తోంది. "కొత్తగా రుద్దిన లైనర్లు, కొన్నాళ్ళు అరుస్తాయి. ఇక దేన్నీ ముట్టుకోకు," అని శనివారం మధ్యాహ్నం బాబాయి గట్టిగా చెప్పి పంపాడు.

ముట్టుకోకుండా ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

టైలరమ్మకు ఇరవై ఏళ్ళుగా ఒక అలవాటు ఉంది. పొద్దు గూకాక మిషను మూత పెట్టే ముందు, కదిలే ప్రతి కీలు దగ్గరా ఒక్కో చుక్క నూనె వెయ్యాలి. కీచుమందంటే మిషను నూనె అడుగుతోందని అర్థం. అడిగినదానికి పెట్టకుండా పడుకుంటే ఆవిడకు నిద్ర పట్టదు. ఆ సాయంత్రం మిషనుకు పెట్టింది. పక్కనే బండి నిలబడి ఉంది. రేపు పదిమంది ముందు అది కీచుమంటే బావగారు ఊరుకుంటాడా? పిస్టనుతో పాటు ఇంకేదో కూడా పోయిందంటాడు. చక్రం విప్పడం ఇప్పుడు ఆవిడకు పావుగంట పని. వెనకది విప్పింది, లైనర్ల మీద నాలుగు చుక్కలు వేసి వేలితో అంచుల దాకా రాసింది. చేసేది సగం చెయ్యడం అలవాటు లేదు కనుక ముందుదీ విప్పింది. బిగించాక తిప్పి చూస్తే చక్రాలు రెండూ కిక్కురుమనలేదు. ఎంత ముచ్చటగా తిరుగుతున్నాయో చూడమని మొగుణ్ణి కూడా పిలిచింది. రేపు చూస్తానన్నాడు.

ఆదివారం ఎనిమిదీ ముప్పావుకు కొంగు నడుముకు బిగించి, హెల్మెట్టు పెట్టుకుని, మూడో కిక్కుకే స్టార్టు చేసింది. వాళ్ళ సందు పై చివర ఉంది. అక్కడి నుంచి వీధి పల్లంగా దిగుతుంది. పల్లం సగంలో బావగారి ఇల్లు. దిగాక చదునైన రోడ్డు, దాని మీద బాబాయి షెడ్డు.

సందు మలుపు తిరిగి పల్లంలో పడగానే అలవాటుగా కాలి బ్రేకు నొక్కింది. పెడలు నొక్కినట్టే దిగింది. చక్రం మాత్రం తన మానాన తను పోయింది. చేతి బ్రేకు పిండింది. ముందు చక్రం కూడా వెనకదానితో ఏకాభిప్రాయానికి వచ్చింది. ఆ క్షణంలో సంగతి ఆవిడకు తెలిసిపోయింది. నాలుగు చుక్కల నూనె, అంచుల దాకా.

గేరు దించింది, కాస్త నెమ్మదించింది. కానీ పల్లం పల్లమే. బావగారు గుమ్మం ముందు చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. పక్కన తోడికోడలు, చుట్టూ సినిమాకొచ్చినట్టు పదిమంది ఇరుగుపొరుగు.

"ఆపు! ఇక్కడ ఆపాలి!" అని ఆయన చెయ్యెత్తాడు.

"ఆపుతాను బావగారూ, తొందరేముంది? ఇంకా టైముందిగా!" అంటూ టైలరమ్మ పళ్ళన్నీ కనపడేలా నవ్వి ఆయన ముందు నుంచి దూసుకుపోయింది. పైకి నవ్వే కానీ లోపల ఇంతా చేసి పోగొట్టుకుంటున్నానన్న దుఃఖం.

చదును రోడ్డు మీద బండి వేగం మెల్లగా చచ్చింది. షెడ్డు దగ్గరికొచ్చేసరికి మనిషి నడకతో సమానమైంది. బాబాయి లేచి పక్కనే నడుస్తూ అడిగాడు.

"ఏమైంది?"

"బ్రేకులు పట్టడం లేదు బాబాయ్."

"నిన్న పట్టాయిగా?"

"సాయంత్రం కాస్త నూనె వేశాను."

"దేనికి?"

"లైనర్లకి."

పని చెప్పేటప్పుడు ఎన్నడూ జేబులు దాటని చేతులు ఆ మాటకు బయటికొచ్చాయి. వాటితో బాబాయి తల పట్టుకున్నాడు.

"బ్రేకంటేనే రాపిడి కదే తల్లీ! నూనె వేస్తే మిషనూ పరిగెడుతుంది, బ్రేకూ పరిగెడుతుంది. అదేగా చిక్కు! మళ్ళీ విప్పి లైనర్లు మార్చాలంటే గంట పని. టైమెంతుంది?"

"ఎనిమిది నిమిషాలు."

"అయితే ఆపెయ్. ఓడితే ఓడావు. బండి పోతే పోయింది, బుర్ర పగలగొట్టుకోకు."

టైలరమ్మ కాళ్ళు నేలకు ఆనించి బండిని ఆపింది. వెనక్కి తిరిగి పల్లం వైపు చూసింది. పై నుంచి చూస్తే అది పల్లం. కింద నుంచి చూస్తే ఎత్తు. ఇరవై ఏళ్ళుగా మూటలు మోస్తూ ఎక్కి రొప్పిన ఎత్తు. ఆ ఎత్తు దగ్గర ఆగకుండా పోయిన మనిషి లేడు.

"ఎక్కే బండికి బ్రేకెందుకు బాబాయ్?" అంది.

అంత తేలికైన సంగతి తనకు ముందు తట్టనందుకు బాబాయికి కొంచెం ఉక్రోషం వచ్చింది.

బండి తిప్పి ఎత్తెక్కింది. మొదటి గేరులో, మిషను మీద మందపాటి గుడ్డ కుట్టేటప్పుడు తొక్కినంత నిదానంగా. బావగారి ఇంటికి నాలుగు గుమ్మాల ముందు యాక్సిలేటరు తగ్గించింది. రెండు గుమ్మాల ముందు పూర్తిగా వదిలేసింది. క్లచ్చి మాత్రం ముట్టుకోలేదు. బండి గునిసింది, గింజుకుంది, ఆయన మెట్టు ముందు చక్రం ఆని ఆననట్టు ఆనేసరికి గుక్కతిప్పుకోలేక ఆగిపోయింది. గేరులో ఉంది కనుక వెనక్కి జారలేదు కూడా. తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలు.

వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. బావగారు గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది నడుస్తూనే ఉంది.

"ఆగిందిలే," అన్నాడు చివరికి. "కానీ ఆగడం వేరు, కండిషను వేరు."

"అయితే మీరే ఎక్కి ఒక రౌండు వేసి చెప్పండి," అంది తోడికోడలు. ఆవిడ మొహంలో అమాయకత్వం కాస్త ఎక్కువైంది. "ఇన్నేళ్ళుగా చెప్పడమే కానీ మిమ్మల్ని బండి మీద చూసే భాగ్యం నాకూ కలగలేదు."

పదిమందీ అవునవునన్నారు. బావగారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొంతు సవరించుకుని, మరదలు దిగగానే ఎక్కి కూర్చున్నాడు. టైలరమ్మ హ్యాండిలు వదల్లేదు. వదిలితే మనిషి పల్లంలో ఎక్కడ తేలతాడో తెలియదు. బ్రేకుల్లేవని చెబితే పదిమంది ముందు పందెం పోతుంది, బండి పోతుంది. చెప్పకపోతే బావగారు పోతాడు. ఎంత కాదన్నా ఇంటి పెద్ద. వద్దనుకుంటూనే చెప్పెయ్యడానికి నోరు తెరిచింది.

అంతలో ఆవిడ కళ్ళు ఆయన కాలి మీద పడ్డాయి. ఆ కాలు బండికి ఎడమవైపు గాలిలో తడుముకుంటోంది. అటు కిక్కే లేదు. చేతులు చూసింది. ఎడమచేత్తో క్లచ్చి పట్టుకోవలసిన మనిషి కుడిచేత్తో ముందు బ్రేకును ప్రాణంలా పిసుకుతున్నాడు. నుదుటి మీద చెమట.

బావగారు పెదవులు కదలకుండా, ఆవిడకొక్కదానికే వినపడేలా అడిగాడు.

"అమ్మాయ్, కిక్కు ఎటుంది?"

"కుడివైపు బావగారూ."

"మరి బ్రేకు?"

"ప్రస్తుతానికి ఎటూ లేదండీ."

ఆయన మెల్లగా తలతిప్పి వెనక ఉన్న పల్లాన్ని చూశాడు. తర్వాత మరదలి మొహం చూశాడు.

"నాన్న నన్నొక్కసారి కూడా ఎక్కనివ్వలేదమ్మా," అన్నాడు. "ఆయన పోయాక నేర్చుకుందామంటే, నాకు రాదని నలుగురికీ తెలిసిపోతుందని భయం. ఇది కళ్ళ ముందు ఉన్నంత కాలం నాకదే గుర్తొచ్చేది."

టైలరమ్మకు ఇందాక దూసుకుపోతున్నప్పుడు కూడా ఇంత గాభరా కలగలేదు. నవ్వు తన్నుకొస్తోంది, దానితో పాటే జాలీ వేస్తోంది. ఏది ముందు బయటపడుతుందోనని పెదవి కొరుక్కుని హ్యాండిలు గట్టిగా పట్టుకుంది.

"ముందు కుడికాలు కింద పెట్టండి. మెల్లగా. ఆఁ, ఇప్పుడు దిగండి."

దిగాక బావగారు చొక్కా సర్దుకుని, వీధి మొత్తానికి వినపడేలా ప్రకటించాడు.

"చూశాను. నడిపి చూడక్కర్లేదు, కూర్చుంటేనే తెలిసిపోయింది. బండి మా మరదలిదే. పాతసామాన్లవాణ్ణి రావద్దని చెప్తాను. ముఖ్యంగా ఆ బ్రేకులున్నాయే, అలాంటి బ్రేకులు నేను జన్మలో చూడలేదు!"

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. టైలరమ్మ బండిని తొయ్యబోతుంటే తోడికోడలు మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఎక్కి వెళ్ళవే, తోసుకుపోతావేం?" అంది.

"ఇంజను వేడెక్కింది అక్కా. బాబాయి షెడ్డు దాకా నడిపించుకుపోతాను," అని టైలరమ్మ బండిని పల్లం వైపు తిప్పింది. ఎవరూ పిలవకుండానే బావగారు వచ్చి వెనక కారియరు పట్టుకున్నాడు. నాలుగు గుమ్మాలు దాటాక, వెనక్కి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ బాబాయి పొద్దున ఎన్నింటికి నేర్పుతాడమ్మా?"

"ఆరింటికి. మొదటి మూడు రోజులు తుడవడమే."

"తుడుస్తాను. అయితే మీ అక్కయ్యకి తెలియకూడదు."

"తెలియదు లెండి. ముందు ఆ కారియరు గట్టిగా లాగి పట్టుకోండి బావగారూ, జారిపోతోంది!"